క్లైవ్ వైపు సగం

ఫోన్ మోగినప్పుడు లొరెయిన్ స్కూలు వంటగదిలో అడుగంటిన కస్టర్డ్ గిన్నె తోముతోంది. తడి చెయ్యి అప్రాన్‌కి తుడుచుకుని ఎత్తింది.

"లొరెయిన్ సట్‌క్లిఫేనా? నేను మ్యూరియల్‌ని, స్కార్ టాప్ తోటమడుల సెక్రటరీని. మీ వంతొచ్చిందమ్మా."

ఏ వంతో ఆమెకు చప్పున తట్టలేదు. పెరడు లేని ఇళ్లవాళ్లకి కౌన్సిల్ అద్దెకిచ్చే మడి కోసం ఎప్పుడో పేరు రాయించారు. అప్పుడు ఆమె, క్లైవ్ ఒకే కప్పు కింద ఉండేవాళ్లు. వరసలో అంతమంది ఉండగా మన దాకా ఏం వస్తుందిలే అని నవ్వుకుని, ఆ సంగతే మరిచిపోయారు.

"ఇద్దరి పేరు మీదా ఉంది. మీ ఆయనకీ చెప్పాను. శనివారం పొద్దున్న వస్తానన్నాడు" అంది మ్యూరియల్.

మేం విడిపోయామండీ అని చెప్పబోయింది లొరెయిన్. ఇంతలో భోజనాల గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు చప్పుడు చేసుకుంటూ లోపలికొచ్చిపడ్డారు. "వస్తానండీ" అనేసి ఫోన్ పెట్టేసింది.

వాళ్లు విడిపోవడంలో ఊరు చెప్పుకోవడానికి పెద్ద విశేషమేమీ లేదు. మధ్యలోకి ఇంకెవరూ రాలేదు, ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఊళ్లోని తివాచీ మిల్లు మూతపడ్డాక, అందులో మిషన్లు బాగుచేసే క్లైవ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడటం మానేశాడు. తర్వాత మందుల షాపు వ్యాను నడిపే పని దొరికింది, అయినా మాట మాత్రం వెనక్కి రాలేదు. ఆమె అడిగి అడిగి, అరిచి, ఏడ్చి, చివరికి ఒక పెట్టె సర్దుకుని బేకరీ మీది చిన్న అద్దె గదుల్లోకి మారిపోయింది. ఇద్దరూ కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజున కూడా అతను "వాన పడేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నావా?" అన్నాడంతే.

స్కార్ టాప్ ఊరి పైన కొండవాలు. కిందనుంచి రైలు పట్టాలు పోతాయి. శనివారం లొరెయిన్ ఆయాసపడుతూ పైకెక్కేసరికి గేటు దగ్గర క్లైవ్ అప్పటికే నిలబడి ఉన్నాడు. చెట్టంత మనిషి, పాత మిల్లు కోటు వేసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"నువ్వు రావనుకున్నా" అన్నాడు.

"నువ్వొస్తావని తెలిస్తే నిజంగానే రాకపోదును" అంది ఆమె. అది నిజం కాదు. తెలిసే వచ్చింది.

మ్యూరియల్ పిట్టంత ముసలావిడ. చేతికర్ర నేలమీద ఆనించే పని తక్కువ, దానితో అదీ ఇదీ చూపించే పని ఎక్కువ. ఇద్దర్నీ మడుల మధ్య బాటలో నడిపించుకుంటూ తీసుకెళ్లి ఒకచోట ఆగింది. ఇటు పక్క మడిలో ఉల్లికాడలు దువ్వినట్టు వరసగా ఉన్నాయి. అటు పక్క మడిలో క్యాబేజీలు వల కింద బుద్ధిగా కూర్చున్నాయి. మధ్యలో మాత్రం మనిషికంటే ఎత్తు బ్లాక్‌బెర్రీ ముళ్లకంప, దాన్ని అల్లుకుని తీగలు, కింద మోకాటిలోతు గడ్డి, అంచుల్లో తాకితే భగ్గుమనే దురద మొక్కలు.

"ఇందులో మడి ఎక్కడుందండీ?" అన్నాడు క్లైవ్.

"అడుగున ఉంది నాయనా. ఎక్కడికీ పోదు" అంది మ్యూరియల్. "మే నెలాఖరుకి కమిటీ వచ్చి చూస్తుంది. అప్పటికి ఇది మడిలా కనబడాలి. లేదంటే తర్వాతి వాళ్లకిచ్చేస్తాం. మీరు ఇంతకుముందు ఏమైనా పండించారా?"

"కిటికీలో కొత్తిమీర" అంది లొరెయిన్. "అదీ చచ్చిపోయింది."

"అయితే సరే. పోగొట్టుకోవడం తెలుసన్నమాట" అని ఆవిడ వెళ్లిపోయింది.

మిగిలిన ఇద్దరూ ముళ్లకంప పొడవునా ఒకసారి నడిచి వచ్చారు. "చెరి సగం చేసుకుందాం" అంది చివరికి లొరెయిన్. "పై సగం నాది, కింది సగం నీది. నువ్వు నా పనిలో వేలుపెట్టకు, నేను నీ పనిలో పెట్టను." క్లైవ్ సరేనన్నాడు. కోటు జేబులోంచి పురికొస ఉండ తీసి, ముళ్లకంపలో దూరి, చేతులు గీరుకుపోతున్నా లెక్కచెయ్యకుండా ఈ చివరనుంచి ఆ చివరకి లాగి కట్టాడు. దారం వంకర లేకుండా సరిగ్గా ఉందో లేదో ఒక కన్ను మూసి రెండుసార్లు చూసుకున్నాడు. మిల్లులో పనిచేసిన చేతులు కదా.

అక్టోబరంతా నరకడంతోనే సరిపోయింది. లొరెయిన్ మొదటి వారం వంటగది గ్లవ్స్ వేసుకొచ్చి, వాటిలోంచి దిగిన ముళ్లు రాత్రి దీపం కింద సూదితో తీసుకుంది. రెండోవారం తోలు గ్లవ్స్ కొనుక్కుంది. కొమ్మలు కత్తిరించి కుప్ప వేసి, చదునైన నేల చూసి మురిసిపోతుంటే మ్యూరియల్ వచ్చి మొదలు మీద కర్రతో తట్టింది. "జుట్టు కత్తిరించావంతే. దీని తల భూమిలో ఉంది. ఆ గడ్డ పెకలించకపోతే వచ్చే ఏడు నీకంటే ముందు ఇదే లేస్తుంది." ఆ గడ్డలు తియ్యడానికి నడుం విరిగేలా గునపం వెయ్యాల్సి వచ్చింది. ఒక్కొక్కటీ చిన్నపిల్లాడి తలంత ఉంది.

కింది సగంలో క్లైవ్ కూడా నరుకుతున్నాడు. మొదట్లో ఒకరికొకరు వీపు చూపించుకునే పనిచేశారు. ముళ్లకంప తగ్గుతున్నకొద్దీ ఒకరికొకరు కనబడసాగారు. నవంబరు అయిదున, ఊళ్లన్నిట్లో మంటలేసే రాత్రి, స్కార్ టాప్‌లో అందరూ తమ తమ కంపలన్నీ ఒకచోట పోగేసి అంటించారు. వీళ్ల కంపే సగానికిపైగా ఉంది. అల్లం, బెల్లపుపాకం వేసి చేసిన పార్కిన్ కేకు ముక్కలు చేతులు మారుతున్నాయి. నిప్పు వెలుగులో క్లైవ్ తన ముక్క సగం విరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పొడి కూడా మిగలకుండా తింది.

చలికాలంలో నేల గట్టిపడింది. ఫిబ్రవరిలో మెత్తబడ్డాక లొరెయిన్ పళ్లపార పట్టుకుని తవ్వకం మొదలుపెట్టింది. మట్టి తిరగేస్తే లోపలంతా తెల్లటి వేళ్లు, సేమ్యా ముడులు పడ్డట్టు. మన గరికలాంటిదే ఆ గడ్డి. మ్యూరియల్ ఒక వేరు తీసి రెండుగా తుంపి చూపించింది. "ఇప్పుడివి రెండు మొక్కలు. వేలెడంత ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. చేత్తో ఏరుకోవడమే, ఇంకో దారి లేదు. మిషన్ జోలికి మాత్రం పోవద్దు. అది దీన్ని తరిగి, నీ చేత్తో నువ్వే విత్తినట్టు చేస్తుంది."

లొరెయిన్ ఏరింది. మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని, ఒక బెత్తెడు నేల, ఆ తర్వాత ఇంకో బెత్తెడు. ఒక శనివారం పనంతా కలిపినా బల్లంత జాగా తేలేది కాదు. పిల్లలకి ఉడకబెట్టే బీన్సు, వాటిని చూసి వాళ్లు ముడుచుకునే మొహాలు, పై అధికారిణి చిరాకులు ఏవీ గుర్తుండేవి కావు ఆ కాసేపు. వేరు కొసదాకా తెగకుండా వచ్చినప్పుడు మాత్రం ఏదో గెలిచినట్టుండేది.

"ఈ లెక్కన నువ్వు ఆ చివరికి చేరేసరికి నాకు పింఛనొస్తుంది" అని కిందనుంచి అరిచాడు క్లైవ్ ఒకరోజు.

"నీకు పింఛనొచ్చినా ఆ పట్టాలవైపు మూల నువ్వు తవ్వవు" అంది ఆమె.

మార్చి నడిమిలో ఒక శనివారం అతను వ్యాను వెనక తలుపు తీసి, ఇద్దరు మనుషుల సాయంతో రోటావేటర్ దింపాడు. ఎవరి దగ్గరో బదులు తెచ్చాడు. ఎర్రరంగు మిషన్, కింద వంకర కత్తులు. దాన్ని చూడగానే అతని మొహంలో, మిల్లు రోజుల్లో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చినప్పటి వెలుగు కనబడింది.

దారం పక్కకి వచ్చి నిలబడి, "ఏమంటావ్? సాయంత్రానికి అంతా దున్నేస్తా. నీ వైపు కూడా కావాలంటే..." అన్నాడు.

లొరెయిన్ మోకాళ్ల మీదే ఉంది. మ్యూరియల్ మాట నాలుక చివర ఉంది. ఒక్క వాక్యం. చెప్పడానికి ఊపిరి కూడా తీసుకుంది. కానీ ఆ ఊపిరితోబాటు వేరే ఏదో పైకి వచ్చింది. కిటికీ పక్క కుర్చీ, చల్లారిపోయిన టీలు, జవాబు రాని ప్రశ్నలు. తన వీపు నొప్పి, తన బెత్తెడు బెత్తెడు నేల.

"నీ సగం, నీ ఇష్టం" అంది.

క్లైవ్ ఆమెను ఒక క్షణం చూశాడు. తర్వాత వెళ్లి మిషన్ తాడు లాగాడు.

సాయంత్రానికి కింది సగం అంతా నల్లగా, పొడిపొడిగా, అప్పుడే జల్లెడపట్టిన పిండిలా ఉంది. బాటన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు. మ్యూరియల్ వచ్చి చూసి, కర్ర నేలకి ఆనించి, క్లైవ్‌ని ఏమీ అనలేదు. లొరెయిన్ వైపు మాత్రం ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపు లొరెయిన్‌కి ఆ రాత్రంతా గుచ్చుకుంది.

ఏప్రిల్ వానలు పడ్డాయి. పై సగంలో ఆమె వేసిన పెద్దగింజల చిక్కుళ్లు వంగుకుంటూ తలెత్తాయి. కింది సగంలో కూడా తలెత్తాయి, చిక్కుళ్లు కాదు. అతను నాటిన బంగాళాదుంపల వరసల మధ్య, వరసల మీద, ఎక్కడ పడితే అక్కడ పచ్చగా, సూదుల్లా గరిక. వారం తిరిగేసరికి నేల కనబడలేదు. దానికి తోడు ఇదివరకు ముళ్లకంపని అల్లుకున్న తీగ కూడా మొలిచి గరికనే పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది.

ఆ శనివారం క్లైవ్ వచ్చి చూశాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. రైలొకటి వెళ్లింది, ఇంకోటి వెళ్లింది. లేచి, పార గేటు పక్క షెడ్డులో పెట్టి, ఆమెకు చెప్పకుండా వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతది కూడా రాలేదు.

మొదట లొరెయిన్‌కి లోలోపల సంతోషమే కలిగింది. చూశావా అనుకుంది, ఎవరితో అంటున్నదీ తెలియకుండా. కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. చిక్కుడు పాదులకి కర్రలు కడుతుంటే చూపు మాటిమాటికీ కిందికి పోతోంది. ఈ మౌనం ఆమెకు కొత్తది కాదు. రెండేళ్లు దాంతో కాపురం చేసింది. అప్పుడు దాని మొదలు మిల్లులో ఉంది, ఆమె చేతిలో లేదు. ఇప్పుడు దీని మొదలు ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు.

"మీ ఆయనకి ఒంట్లో బాగోలేదా?" అంది మ్యూరియల్ బాటలో ఎదురుపడి.

"ఆయన మా ఆయన కాదండీ. విడిపోయాం."

"తెలుసమ్మా. ఊరంతటికీ తెలుసు. ఒంట్లో బాగుందా లేదా అని అడిగాను."

లొరెయిన్ తలొంచుకుంది. "మీరు మిషన్ వద్దన్న సంగతి ఆయనకి నేను చెప్పలేదు."

"అదీ తెలుసు. మొహం చూస్తే తెలియదూ?" అని, కర్రతో కింది సగం చూపించింది ఆవిడ. "మే నెలాఖరు ఎంతో దూరం లేదు. నేను చెప్పేది అంతే."

ఆదివారం మధ్యాహ్నం లొరెయిన్ తను వదిలి వచ్చిన ఇంటి తలుపు కొట్టింది. తలుపు రంగు మారలేదు. క్లైవ్ తెరిచాడు, గడ్డం పెరిగి ఉంది. "రా" అన్నాడు. లోపల కుర్చీ కిటికీ పక్కనే ఉంది. ఆమె దానివైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లి, అలవాటైన చోటునుంచే కెటిల్ తీసి నీళ్లు పెట్టింది.

"మడి విషయం మాట్లాడటానికి వచ్చావా?" అన్నాడు అతను గుమ్మంలో నిలబడి. "నా పేరు తీసెయ్యమని చెప్పు. నీ సగం నీకు ఉంచేస్తారేమో."

"క్లైవ్, నాకు ముందే తెలుసు" అంది. కెటిల్ వైపే చూస్తూ అంది. "మిషన్‌తో దున్నితే ఆ గడ్డి ఇంతకింతవుతుందని మ్యూరియల్ నాకు చెప్పింది. నువ్వు వచ్చి అడిగినప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

నీళ్లు మరిగాయి. కెటిల్ టక్కుమని ఆగింది. అతను ఎంతకీ మాట్లాడకపోయేసరికి, ఇంకేముంది మళ్లీ మొదలైంది అనుకుంది ఆమె.

"నాకూ తెలుసు" అన్నాడు క్లైవ్.

"ఏం తెలుసు?"

"గడ్డి సంగతి కాదు. ఏదో ఉందని తెలుసు. నీతో ఇన్నేళ్లున్నాను, నీ 'నీ ఇష్టం' ఎలాంటిదో నాకు తెలియదా? వంటింట్లో గిన్నెలు పగిలే ముందు వినబడేది ఆ మాటే కదా." అతని మూతి ఒక పక్కకి వంగింది, నవ్వు కాదు గానీ నవ్వుకి దగ్గర్లోనిది. "వినబడింది. అయినా వెళ్లి తాడు లాగాను. ఎందుకంటే, ఏదైనా ఒకటి నా అంతట నేను ఒక్కరోజులో పూర్తిచేసి నీకు చూపించాలనుకున్నా."

లొరెయిన్ టీ పోసింది. అతని కప్పులో చక్కెర ఎంత వెయ్యాలో చేతికి గుర్తుంది, ఆమె అడగలేదు. ఆ ఇంట్లో కూర్చోకుండా ఇద్దరూ నిలబడే తాగారు.

"రేపు సాయంత్రం వస్తావా?" అంది. "ఎనిమిదింటిదాకా వెలుతురుంటుంది ఇప్పుడు."

"దేనికి?"

"ఏరడానికి. ఇంక దేనికి?"

మేనెలంతా ఇద్దరూ కింది సగంలో మోకాళ్ల మీద ఉన్నారు. మిషన్ ముక్కలు చేసిన వేళ్లు కనుక ఇప్పుడు కొసపట్టి లాగితే వచ్చేవి కావు, ఒక్కొక్క తునకా వెతుక్కోవాలి. క్లైవ్ పాత ఇనుప మంచం వల తెచ్చి చట్రానికి బిగించి జల్లెడ తయారుచేశాడు. ఒకరు మట్టి పోస్తే ఒకరు జల్లించేవాళ్లు. బయటపడ్డ విత్తనపు దుంపల్ని మళ్లీ పాతేవాళ్లు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చింది, అతనికి కోపమొచ్చింది, తర్వాత అది తారుమారైంది. "అక్కడో ముక్క వదిలేశావ్" అంటే "అది వానపాము, కావాలంటే దాన్నీ పీకు" అనుకునేవాళ్లు.

ఆ పనిలోనే లొరెయిన్ ఒక సంగతి గమనించింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఏమైంది, చెప్పు" అని నిలదీసిన రోజుల్లో అతని నోట్లోంచి ఒక్క మాటా రాలేదు. పక్కపక్కన వంగి, కళ్లు మట్టిలో పెట్టుకుంటే మాత్రం మాటలు వాటంతటవే వస్తున్నాయి. మిల్లు ఆఖరిరోజు మగ్గాలన్నీ ఆపే పని తనకే అప్పగించారని ఒక సాయంత్రం చెప్పాడు. ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెళ్తుంటే హాల్లో శబ్దం తగ్గుతూ వచ్చిందట. చివరిది ఆపాక చెవులు హోరెత్తిపోయాయట. "ఇంటికొచ్చాక నువ్వు మాట్లాడుతుంటే, ఆ హోరు మీదుగా వినాల్సొచ్చేది" అన్నాడు. ఆమె చేతిలోని వేరు ముక్క బకెట్లో వేసి, ఇంకో ముక్క కోసం వెతికింది. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగలేదు. అడిగితే అతను తలెత్తి ఆమెను చూస్తాడని, చూస్తే ఆగిపోతాడని తెలుసు.

నెలాఖరుకి కింది సగంలో మూడోవంతు కూడా తేలలేదు. మిగిలినదాని మీద అట్టపెట్టెలు పరిచి రాళ్లు పెట్టారు. కమిటీ వచ్చిన పొద్దున లొరెయిన్ అట్టల మీద రాళ్లు ఇంకోసారి సర్దింది. మ్యూరియల్, వెనక ఇద్దరు మగవాళ్లు మడి చుట్టూ ఒకసారి తిరిగారు. క్లైవ్ ముందుకొచ్చి, "తప్పు నాదండీ. పై సగం ఆవిడ చక్కగా చేసుకుంది. తీసేస్తే నా వైపు తీసెయ్యండి" అన్నాడు.

"నీ వైపేమిటి?" అంది మ్యూరియల్.

"మేం చెరి సగం..."

"అది మీరు మీరు గీసుకున్న గీత నాయనా. మా దగ్గర ఇది ఒకటే మడి. అందులో సగానికిపైగా సాగులో ఉందా లేదా, మేం చూసేది అంతే. ఆవిడ వైపు ఒక్కటే దానికి సరిపోయేది దాదాపు. ఈ ముక్క కలిస్తే ఇక ఢోకా లేదు."

లొరెయిన్ నోరు తెరిచింది. తమ ఎర్రబడ్డ మోకాళ్లు, విరిగిన గోళ్లు చూసుకుంది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! నెలరోజులుగా చస్తున్నాం ఇక్కడ!"

"ముందే చెబితే మిగతాది ఎవరైనా తవ్వుతారా?" అని మ్యూరియల్ తర్వాతి మడివైపు నడిచింది.

వాళ్లు మళ్లీ కలిసి కాపురం పెట్టలేదు. పెట్టేశారని ఊళ్లో కొందరు అనుకున్నారు, కొందరు బేకరీలో లొరెయిన్‌ని కన్నుగీటి అడిగారు కూడా. ఆమె బేకరీ మీది గదుల్లోనే ఉంది, అతను పాత ఇంట్లోనే ఉన్నాడు. మడి మాత్రం ఇద్దరి పేరు మీదే ఉంది. గరిక పూర్తిగా పోలేదు. పోదని మ్యూరియల్ కూడా ఒప్పుకుంది. ప్రతి శనివారం కొంత ఏరడం, మళ్లీ వారం కొంత మొలవడం.

ఆగస్టులో బంగాళాదుంపలు తవ్వారు. చాలావాటికి నత్తలు చిల్లులు పెట్టాయి, కొన్నిటికి తోలు మీద గజ్జిలా మచ్చలు. మంచివి ఏరి, చిన్న గ్యాసు పొయ్యి మీద తోలుతోనే ఉడకబెట్టింది లొరెయిన్. వెన్న వేసి, ఉప్పు చల్లి, షెడ్డు గుమ్మంలో నిలబడి గిన్నెలోంచే తిన్నారు. జల్లు మొదలైంది. కింద పట్టాల మీద రైలు కిటికీల్లో జనం ఎవరి లోకంలో వాళ్లున్నారు.

"ఉప్పు ఎక్కువైంది" అన్నాడు క్లైవ్, ఇంకోటి తీసుకుంటూ.

"అందుకేనా నాలుగు తిన్నావ్?"

అతను నమిలి మింగాడు. చూపు వాన మీదే ఉంది. "చలికాలంలో ఇక్కడ పెద్దగా పనుండదంటగా?"

"ఉండదు. మ్యూరియల్ ఎలాగూ వస్తుంది. ఏదో ఒకటి తవ్విస్తుంది మనచేత."

"పని లేకపోతే?"

లొరెయిన్ దుంపలు ఉడికించి వార్చిన వేడినీళ్లు బాట పక్కన పారబోసింది. ఆవిరి లేచి వానలో కలిసింది. "ఫ్లాస్కులో టీ నేను తెస్తాను" అంది. "కేకు నువ్వు తీసుకురా."